ఏడో గడ్డ రావలసిన రోజు

ముందు పోయినవన్నీ చెబుతాను. పాలు నూట డెబ్బై మూడు లీటర్లు. అందులో మందు పడిన రోజుల్లో పారబోసినవి నూట పద్దెనిమిది, బర్రె అసలు ఇవ్వనివి యాభై అయిదు. అర లీటరు కొలత గ్లాసు ఒకటి. అది పగల్లేదు, ఎందుకు పోయిందో కాసేపట్లో తెలుస్తుంది. తువ్వాళ్లు రెండు. పసుపు కిలో నాలుగు వందల గ్రాములు. నడి వానాకాలంలో, బాగున్న గొడుగు ఒకటి. మా ఇంటామె చుట్టాల్సి ఉండీ చుట్టని బీడీలు తొమ్మిది వేల ఆరు వందలు. మా అరుగు మీద కూర్చుని రోజూ మాట్లాడే మనిషి ఒకరు, నూట నలభై ఆరు రోజులపాటు. వీటన్నిటికంటే ముందు పోయినది, రెండుంబావు అంగుళాల ఇనుప పుల్ల ఒకటి.

ఈ జాబితా నా నోటుబుక్కులో ఇదే క్రమంలో ఉంది. ఎప్పుడు తీసి చదివినా పుల్ల దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు వస్తుంది. నూట డెబ్బై మూడు లీటర్లు పోగొట్టుకున్నవాడు నవ్వకూడదని తెలుసు. అయినా వస్తుంది.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో మా ఊరు. రెండెకరాల పొలం, ఒక బర్రె. చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్కలు ఆ తర్వాత నా అంతట నేనే నేర్చుకున్నాను. పెళ్లికి ఎన్ని కిలోల బియ్యం పోయాలో, వంకర చేను ఎన్ని గుంటలు వస్తుందో ఊళ్లో నన్నే అడుగుతారు. ఫోనులో లెక్కకట్టే సదుపాయం ఉన్నా, అది చెప్పింది సరేనా అని మళ్లీ నా దగ్గరికే వస్తారు. ఆ గర్వం నాకు కొంచెం ఉండేది. కొంచెం కాదు.

మా ఇంటామె బీడీలు చుడుతుంది. పక్కింటి వదిన కూడా అంతే. ఇద్దరూ మా అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుని, తునికాకును కత్తెరతో కత్తిరించి, పొగాకు పోసి చుట్టి, దారం కట్టి, చివరగా బీడీ మూతిని సన్నటి ఇనుప పుల్లతో లోపలికి మడిచేవాళ్లు. ఆ పుల్లను మా ఇంటామెకు నేనే చేసి ఇచ్చాను. విరిగిన గొడుగు కమ్మీని కోసి, రెండుంబావు అంగుళాలకు కొలిచి, వేలికి జారకుండా ఒక చివర ఆకురాయితో చిన్న నొక్కు తీశాను. ఒక పూట పనిలో చెయ్యి ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టి, అంతకంటే పొడుగైతే మణికట్టు నొస్తుందని నిర్ణయించిన కొలత అది.

ఒక సాయంత్రం ఆ పుల్ల కనిపించలేదు. చాట దులిపాం, చాప దులిపాం, అరుగు మీద పొరకతో మూడుసార్లు ఊడ్చాం. తెల్లారి చూస్తే పక్కింటి వదిన చేతిలో కొత్త పుల్ల ఉంది. అదీ గొడుగు కమ్మీదే. నేను లోపలికి వెళ్లి టేపు తెచ్చాను.

"వదినా, జర ఆ పుల్ల ఇటియ్యి."

"ఎందుకు?"

"ఊకెనే. ఎంతుందో చూస్త."

ఆమె ఇచ్చింది. రెండుంబావుకు ఒక నూలుపోగు తక్కువ. నొక్కు లేదు. నొక్కును అరగదీస్తే పొడుగు నూలుపోగంత తగ్గుతుంది కదా అని నా బుర్రలో ఒక లెక్క తిరిగింది. ఆ లెక్క నా ముఖం మీద కూడా తిరిగినట్టుంది, ఎందుకంటే ఆమె పుల్లను నా చేతిలోంచి లాక్కుని చాటలో పెట్టుకుంది.

"ఇరవై ఏండ్ల సంది ఈ అరుగు మీద కూసుంటున్న. నా పుల్లకు టేపు పెడుతున్నవా మరిదీ?"

"నేనేమన్నా అన్ననా?"

"అనలే. కొలిచినవు."

చాట ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి మా అరుగు ఎక్కలేదు. మా ఇంటామెకు ఇంకో పుల్ల చేయడానికి నేను బాగున్న గొడుగును కోశాను. తోడు లేక ఆమె పని రోజుకు వంద బీడీలు తగ్గింది. పని దొరికిన రోజులు తొంభై ఆరు. పైన రాసిన తొమ్మిది వేల ఆరు వందలు అలా వచ్చాయి.

పుల్ల పోయిన పన్నెండో రోజు బర్రె ఎడమ దవడ కింద గడ్డ లేచింది.

ఈ బర్రెను మా ఇంటామె దోమకొండలోని తల్లిగారింటి నుంచి దుడ్డెగా ఉన్నప్పుడు తెచ్చింది. ట్రాలీ ఆటోలో, ఒళ్లో తల పెట్టుకుని. తన చేత్తో తవుడు తినిపించి పెంచింది. పాలు పిండేటప్పుడు అది మెడ వెనక్కి తిప్పి ఆమె భుజాన్ని ఒకసారి నాకుతుంది, ఆ తర్వాతే పాలు చేపుతుంది. నేను పిండితే చేపదు. ఆ రోజు దాని దవడ కింద నిమ్మకాయంత ఉన్న గడ్డ నాలుగు రోజుల్లో బత్తాయంత అయింది. ముట్టుకుంటే వేడి. గడ్డి నములుతూ నములుతూ మధ్యలో ఆపేసి నిలబడేది. పసుపు పట్టు వేశాం. మెత్తబడ్డాక, మా ఊళ్లలో పశువులకు సూదులు వేసే గోపాలమిత్ర వచ్చి కోసి, చీము తీసి, ఎర్రమందు నీళ్లతో కడిగి, సూది వేసి వెళ్లాడు. వారంలో మానింది. మేము మరిచిపోయాం.

మొదటిది లేచిన ముప్పై ఒకటో రోజున అదే చోట మళ్లీ లేచింది. ఈసారి కోసేటప్పుడు చీము ఎంత వస్తుందో తెలియాలని నేను పాల కొలత గ్లాసు పట్టాను. మూడు వందల ఎనభై మిల్లీలీటర్లు. నోటుబుక్కులో రాసి తలెత్తేసరికి మా ఇంటామె ఆ గ్లాసును రెండు కట్టెల నడుమ ఇరికించి ఎత్తి, కాలువ దాకా నడిచి, అవతలి ఒడ్డుకు విసిరేసి వస్తున్నది.

ఇరవై ఏడు రోజులకు మూడోది. అప్పుడు గోపాలమిత్ర కత్తి కడుక్కుంటూ అన్నాడు.

"అన్నా, మూడోసారి కూడ అదే జాగల వచ్చింది. నాతోని అయ్యేది కాదు. ఎల్లారెడ్డి దవాఖానకు తోల్కపో, మేడం చూస్తది."

"జర ఆగు తమ్మీ. ఇంకొక్కటి వస్తే వరుస తెలుస్తది."

"ఇంకొక్కటి రావాల్నా?"

"లెక్కకు."

"నీ లెక్కకు నా కత్తి అరుగుతున్నది," అని నవ్వి వెళ్లిపోయాడు. తప్పు అతనిది కాదు. అతను చెప్పాల్సింది చెప్పాడు.

నాలుగోది ఇరవై నాలుగు రోజులకు, అయిదోది ఇరవై రెండు రోజులకు వచ్చాయి. ముప్పై ఒకటి, ఇరవై ఏడు, ఇరవై నాలుగు, ఇరవై రెండు. నాలుగు తగ్గింది, మూడు తగ్గింది, రెండు తగ్గింది. ఇక ఒకటి తగ్గాలి. అంటే తర్వాతది ఇరవై ఒకటో రోజున, గురువారం. ఈ వరుస కనిపించిన రోజు నేను పొలం గట్టు మీద ఒక్కణ్నే నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాను. ఏ డాక్టరూ పట్టని గుట్టు నాకు దొరికిందనుకున్నాను. నిజానికి నేను ఏ డాక్టరునూ అడగనే లేదు.

రోడ్డు మీది చాయ హోటల్లో ఆ సంగతి చెప్పాను. కొందరు శుక్రవారం అన్నారు, ఒకరు అసలు రాదన్నారు. గురువారం పొద్దున ఎనిమిది మంది మా కొట్టం ముందు చేరారు. గడ్డ వచ్చి ఉంది. నిమ్మకాయంత, నున్నగా, నా మాట మీద నిలబడి. ఎనిమిది మందిలో అయిదుగురు నా భుజం తట్టారు. నేను ఒక చిన్న గెంతు కూడా వేశానని తర్వాత మా ఇంటామె చెప్పింది.

ఆమె బకెట్ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. అందరూ వెళ్లాక అంది.

"బర్రె గడ్డి ముట్టలే. నువ్వు ఎగురుతున్నవు."

"ఎగురుడు కాదు, లెక్క కుదిరింది కదా అని."

"ఈ లెక్క తప్పితే నీకేం పోతుండె?"

ఆమె బర్రె మెడ కింద చెయ్యి పెట్టి, వాపును ముట్టకుండా, దాని చుట్టూ నిమిరింది. "ఈసారి కోస్తే ఆరు సార్లు. ఏడో గడ్డకు కత్తి పెట్టనియ్య. మళ్ల గడ్డ లేస్తే అంగడి బేరగానికి అప్పజెప్తా. కోతకు పోతదని నాకు తెలుసు. కండ్ల ముందట రోజూ కొంచెం కొంచెం కోసుడు కంటే అది నయం."

ఆమె ఏడవలేదు. చెప్పి పాలు పిండడానికి కూర్చుంది. బర్రె మెడ తిప్పి భుజం నాకింది. ఆ పూట ఒకటిన్నర లీటరు ఇచ్చింది.

నేను నోటుబుక్కు తీసి తర్వాతి తేదీ చూసుకున్నాను. తగ్గుదల నాలుగు, మూడు, రెండు, ఒకటి అయ్యాక సున్నా. మళ్లీ ఇరవై ఒకటో రోజే. పుల్ల పోయినప్పటి నుంచి నూట యాభై ఎనిమిదో రోజు. నా లెక్క తప్పాలని నేను కోరుకోవడం అదే మొదటిసారి. ఎలా తప్పించాలో మాత్రం తెలియలేదు.

ఆరో గడ్డ కోసిన తర్వాత కూడా చీము కారడం ఆగలేదు. గడ్డ లేచిన తొమ్మిదో రోజున ట్రాలీ ఆటో మాట్లాడి, బర్రెను ఎక్కించి, ఇద్దరం ఎల్లారెడ్డి బయల్దేరాం. కోతల కాలం. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆటో మిగిలిన సగంలో మెల్లగా పోతుంటే నేను కుప్పలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మా ఇంటామె ముఖం చూసి ఆపేశాను. పద్నాలుగు దాకా వచ్చాను.

పశువుల దవాఖానలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మాచారెడ్డి వైపు ఆమె అట. బర్రెను నాలుగు ఇనుప గుంజల నడుమ నిలబెట్టించి దవడ నొక్కి చూస్తుండగా నేను నోటుబుక్కు చేతికిచ్చాను. పన్నెండు పేజీలు. ఆమె నిలబడే మొత్తం చదివింది. చీము మిల్లీలీటర్ల దగ్గర ఒకసారి కనుబొమలు లేచాయి.

"అన్నా, ఇంత రాసినవు. అన్నిటికంటే పెద్ద ముచ్చట ఏందో చూసినవా? ప్రతిసారి ఒకే తావున వచ్చింది."

"అది కూడ రాసిన మేడం. ఎడమ దవడ కింద, చెవి మొదటి నుంచి ఎనిమిది వేళ్లు. ఆరు సార్లు ఆరు తీర్ల కొలిచిన."

"రాసినవు. సదువలే." ఆమె నోటుబుక్కు మూసింది. "ఒకే తావున మళ్ల మళ్ల వస్తున్నదంటే లోపల ఏదో కూసున్నది. మీరు పైన కోస్తున్నరు, చీము పోతున్నది, పైన తోలు మూసుకుంటున్నది, లోపలిది లోపలనే ఉంటున్నది. ఏం తింటది ఇది?"

ఇది నాకు వచ్చిన ప్రశ్న. "వరిగడ్డి ఎనిమిది కిలోలు, పచ్చిగడ్డి పదిహేను, తవుడు రెండు, బీడీ ఆకు ముక్కలు రెండు వందల ఎనభై గ్రాములు."

"ఏం ముక్కలు?"

"బీడీ ఆకు మేడం. కత్తిరించంగ మిగిలినయి. పొగాకు అంటనియ్య. చాటల నుంచి కుడితిల పోస్త. నెలకు ఇరవై దినాలు లెక్కేసినా అయిదు కిలోల ఆరు వందల గ్రాములు. ఉత్తగ పారేసుడు ఎందుకని."

"చాటల నుంచి ఎవరు పోస్తరు?"

"నేనే. రోజూ సాయంత్రం. చాట దులిపి…"

దులిపిన చాట నా కళ్ల ముందు కనిపించింది. మా ఇంటామె నా వైపు చూడలేదు, బర్రె చెవి పట్టుకుని నిలబడి ఉంది. కానీ ఆమె చెయ్యి నిమరడం ఆపింది.

డాక్టరమ్మ మత్తు సూది వేసి, చుట్టూ బొచ్చు గీసి, పాత కోతలకంటే పొడుగ్గా, కిందికి కోసింది. చీము కిందికే కారాలి, గుంటలో నిలవకూడదు అంది. చేతి తొడుగు వేసుకున్న వేలు లోపలికి పెట్టి చుట్టూ తడిమింది. తర్వాత పొడుగాటి పట్టకారు పెట్టింది. లోపల ఇనుముకు ఇనుము తగిలిన చిన్న చప్పుడు నాకు వినిపించింది. మా ఇంటామెకూ వినిపించింది.

బయటికి వచ్చినప్పుడు అది నల్లగా, జిగటగా ఉంది. డాక్టరమ్మ నీళ్లలో ఆడించి ట్రేలో వేసింది. నేను జేబులోంచి టేపు తీశాను. ఎందుకు తీశానో అడగకండి, చెయ్యి దానంతటదే పోయింది. రెండుంబావు అంగుళాలు. తుప్పు పోయినంత మేర ఒక నూలుపోగు తక్కువ. చివర నొక్కు.

మొదట నాకు నవ్వు రాలేదు. తర్వాత డాక్టరమ్మ అడిగింది, "మీదేనా?" అని, బస్సులో మరిచిపోయిన సంచిని అడిగినట్టు. "నేనే చేసిన మేడం, మణికట్టు నొయ్యద్దని" అన్నాను. అంతే, నవ్వు మొదలైంది. ఆపుకోలేక గుంజ పట్టుకున్నాను. మా ఇంటామె నన్ను తిట్టడానికి నోరు తెరిచి, ట్రేలో పుల్లను చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె భుజాలు ఊగుతున్నాయి. మందు మత్తులో బర్రె తల వాల్చి, మా ఇద్దరినీ ఒక్క కన్నుతో చూసింది.

"నవ్వినంక ఇది వినుండ్రి," అంది డాక్టరమ్మ. "నములుతుంటే నోట్ల గుచ్చుకొని దవడలకు దిగింది. గాయం పైన తొందరగ మూసుకోవద్దు. లోపలి నుంచి మానుకుంట రావాలె. రోజూ పొద్దున సూది లేని సిరంజితో ఎర్రమందు నీళ్లు లోపలికి కొట్టి కడగాలె. అన్నా, నీకు కొలుసుడు ఇష్టం కదా. ఎన్ని నీళ్లు పడుతున్నయో రోజూ రాయి. తగ్గుకుంట పోతే మానుతున్నట్టు."

నన్ను ఎవరైనా ఆ రోజు రాజును చేసినా అంత సంతోషించి ఉండను.

తిరుగుదారిలో మా ఇంటామె ఆటో డ్రైవరుతో అంది, "మా ఇంటి ముందట కాదు, అక్కింటి ముందట ఆపు." పుల్లను అగ్గిపెట్టెలో పెట్టుకుని దిగాను. పక్కింటి వదిన వాకిట్లో ఒక్కతే చుడుతున్నది. బర్రెతో సహా ఆటో తన గుమ్మం ముందు ఆగేసరికి చేతిలో పని ఆగింది.

అగ్గిపెట్టె తెరిచి ముందు పెట్టాను. జరిగింది చెప్పాను. ఆమె పుల్లను చూసింది, బర్రె దవడ చూసింది, నన్ను చూసింది.

"టేపు తెచ్చినవా?"

తెచ్చాను. ఆమె నా చేతిలోంచి తీసుకుని పుల్లను తనే కొలిచింది. తర్వాత తన పుల్లను కొలిచింది. రెండూ పక్కపక్కన పెట్టింది.

"ఎన్ని దినాలు దొంగను నేను?"

"నూట నలభై ఆరు."

"ఈ బర్రె పాలతోని అన్ని చాయలు. మా చెల్లె చెయ్యద్దు. నువ్వే చెయ్యాలె, నువ్వే తెచ్చియ్యాలె."

మా ఇంటామె ఆటోలోంచే అంది, "అక్కా, దొంగ అన్నది సాలక నిన్ను సంపుతడా ఏంది? ఈయన చాయ నువ్వు తాగలే ఇంకా."

మొదటి రోజు గుంటలో అరవై మిల్లీలీటర్లు పట్టాయి. అయిదో రోజు ముప్పై ఎనిమిది. పన్నెండో రోజు తొమ్మిది. ఆ పన్నెండో రోజే నూట యాభై ఎనిమిదో రోజు.

పొద్దున పాలు పిండకముందే కొట్టంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. గంటకోసారి దవడ తడిమాను. వేడి లేదు. మళ్లీ తడిమాను. పదకొండు గంటలకు అంగడి బేరగాడు బండి మీద వచ్చాడు. ఆరో గడ్డప్పుడే మా ఇంటామె అతనికి ఈ తేదీ చెప్పి ఉంచిందట. నా తేదీయే. అతను బర్రె దవడ కింద అరచెయ్యి పెట్టి, ఇటూ అటూ జరిపి, వెతికాడు.

"గడ్డేది?"

"లెక్క తప్పింది," అంది మా ఇంటామె.

"ఎవలి లెక్క?"

"మా ఇంటాయనది."

ఊళ్లో మొట్టమొదటిసారి ఒక మనిషి నా లెక్క తప్పిందని బయటికి అన్నది, నా ఎదురుగా, నవ్వుతూ. బేరగాడు బండి తిప్పుకుని పోయాడు. నేను బర్రె గడ్డి నమలడం విన్నాను. మధ్యలో ఆపకుండా నమిలింది. నలభై నమలడాల దాకా లెక్కపెట్టి, తర్వాత లెక్క వదిలేసి ఊరికే విన్నాను. ఆ సాయంత్రం మూడు లీటర్లు ఇచ్చింది.

డాక్టరమ్మ పాలు వాడకూడదన్న రోజులు అప్పటికే అయిపోయాయి. పక్కింటి వదిన పుల్ల దొరికిన మర్నాటి నుంచే చాట తీసుకుని వచ్చి మా అరుగు మీద తన పాత చోట కూర్చుంటున్నది. నేను మొదటి చాయ చేసి ఇచ్చాను. ఒక గుక్క తాగి గ్లాసు లోపలికి చూసింది.

"ఇది చాయనా, బర్రె పుండు కడిగిన నీళ్లా?"

"ఎర్రమందు వెయ్యలే వదినా."

"ఏస్తే రుచి వచ్చేది."

మొత్తం తాగింది. బాకీ బాకీయే అంది.

పంతొమ్మిదో రోజున గుంటలో నీళ్లు పట్టలేదు. ఇప్పుడు ఆ చోట వేలెడంత మచ్చ ఉంది, దాని మీద బొచ్చు తెల్లగా వచ్చింది. పుల్ల అగ్గిపెట్టెలో, నోటుబుక్కు పక్కన ఉంది. ఆకు ముక్కలు పెంటకుప్పలోకి పోతున్నాయి. చాటను ఇప్పుడు నేను దులపడం లేదు, ఆ పని నా చేతుల్లోంచి తీసేశారు.

చాయల లెక్కలో మాత్రం ఒక పేచీ ఉంది. నేను నూట నలభై ఆరు అంటాను. టేపు పెట్టిన రోజు నుంచి పుల్ల దొరికిన రోజు దాకా, రెండు చివర్లూ కలుపుకొని నూట నలభై ఆరే. ఆమె నూట నలభై ఏడు అంటుంది. నిన్న కూడా గ్లాసు అందుకుంటూ అదే అడిగింది.

"టేపు తెల్లారి తెచ్చినవు, నిజమే. మరి అనుమానం ఎప్పుడొచ్చింది మరిదీ? పుల్ల పోయిన సాయంత్రమే కాదా?"

రాత్రంతా ఆలోచించాను. ఆ సాయంత్రం అరుగు మీద మూడోసారి పొరక పెట్టి ఊడుస్తున్నప్పుడు నేను పక్కింటి గోడ వైపు ఒకసారి చూశాను. ఎందుకు చూశానో నాకు తెలుసు. నోటుబుక్కులో అది లేదు, ఇప్పుడు రాశాను.

ఇప్పటిదాకా ఇచ్చినవి నూట ఏడు. ఇంకా ఇవ్వాల్సినవి ముప్పై తొమ్మిది కాదు, నలభై.